అక్క చేతిరాత ఉన్న కార్డులు

మార్చి 11, మంగళవారం

పిల్లల వార్డు నుంచి పిలుపు. నాలుగేళ్ల పాప, నందిని. మెడ రెండు పక్కలా వాచిపోయి గడ్డం కనపడటం లేదు. గొంతు శాంపిల్ నేనే తీశాను. లోపల బూడిద రంగు పొర. దూదిపుల్ల తగిలితే రక్తం. ఐదేళ్లుగా ఈ ల్యాబ్‌లో ఉన్నాను, ఇలాంటిది పుస్తకంలో బొమ్మగా తప్ప చూడలేదు.

స్లైడుకి రంగు వేసి చూశాను. ఆకుపచ్చ కడ్డీలు, కొనల్లో నల్లటి చుక్కలు. మా ల్యాబ్ పెద్ద, మేడమ్‌ని పిలిచాను. మైక్రోస్కోపు మీద నుంచి ఆమె చాలాసేపు కళ్లెత్తలేదు. "కల్చర్ పెట్టు సుజాతా. రేపు పొద్దున మెషిన్ చెప్తుంది. అందాక ఎవరితోనూ అనకు."

కంఠసర్పి, అదే డిఫ్తీరియా... అవ్వ నోట విన్న మాట. ఆమె కాలం నాటి జబ్బు, ఎప్పుడో పోయిందనుకున్నాం కదా అందరం.

కాగితం మీద ఊరు పేరు తర్వాత చూశాను. పెన్న ఒడ్డున పద్మక్క పనిచేసే ఊరు. ఆ చుట్టుపక్కల ఆరు ఊళ్లకు మా అక్కే నర్సమ్మ. ఆ ఊళ్లలో దీనికి టీకా సూది పడని బిడ్డ ఉండడు. ఉండడానికి వీల్లేదు.

మార్చి 12, బుధవారం

ఏడున్నరకే ల్యాబ్‌కి పోయాను. ప్లేటు మీద చిన్న చిన్న చుక్కలు మొలిచాయి. ఒక చుక్కను తీసి స్టీలు పలక మీద పూసి కొత్త మెషిన్‌లో పెట్టాను. పది నిమిషాలు. పోయిన ఏడాదైతే డబ్బాలో పెట్టి బస్సులో పంపి నాలుగు రోజులు ఎదురుచూసేవాళ్లం. ఇప్పుడు పది నిమిషాలు, అంతే... స్క్రీన్ మీద పేరు వచ్చింది. మేడమ్ రెండుసార్లు చదివి, మూడోసారి నన్ను చదవమన్నారు. కంఠసర్పే.

ఆ పురుగు విషానికి విరుగుడు మందు జిల్లాలో లేదట. ఫోన్లు, ఫోన్లు. సాయంత్రానికి బెంగళూరు నుంచి కారులో వచ్చింది. నందినికి ఎక్కించారు. మాకందరికీ మాత్రలు, మాస్కులు.

పాప అమ్మ రామాంజినమ్మ, కొంగులో నుంచి ప్లాస్టిక్ కవరు తీసి కార్డు ఇచ్చింది. పిల్లల డాక్టరు గారు దాన్ని నా ముందే తెరిచారు. నెలన్నరకు, రెండున్నరకు, మూడున్నరకు, ఏడాదిన్నరకు — అన్నీ వేసినట్టే ఉంది. తేదీలు గుండ్రటి అక్షరాల్లో. ఆ రాత నాకు పలక మీద దిద్దించిన రాత.

"రాసుకున్నారు, వేయలేదు. ఇంట్లో కూర్చుని రాసుంటారు" అన్నారు డాక్టరు గారు.

అది రాసింది మా అక్క అని చెప్పాలి కదా. చెప్పలేదు. కార్డు మడిచి కవరులో పెట్టి ఇచ్చేశాను.

మార్చి 13, గురువారం

అక్కకు ఫోన్ చేశాను. ఎలా అడగాలో తెలియక అడ్డదిడ్డంగా అడిగాను.

"నేను వేయకుండా రాసినానా? ఎవురు అడుగుతాండారు, వాళ్లా, నువ్వా?"

"వాళ్లే అక్కా..."

"నీ గొంతులో ఉండాదే, నువ్వు గూడా అడుగుతాండావు." పెట్టేసింది.

పదిహేనేళ్ల సర్వీసు. ఇల్లు తాళమేసి గొర్రెల వెంట పోయిన కుటుంబాలను వెతుక్కుంటూ బెళుగుప్ప చేలల్లో, ఉరవకొండ దాటి ఎక్కడ మంద కట్టినా అక్కడికి పోయి బిడ్డ తొడకు సూది వేసి వచ్చే మనిషి. ఆ మనిషిని అలా అడిగాను. సిగ్గుగా ఉంది.

మధ్యాహ్నం రామాంజినమ్మనే అడిగాను. మొగుడు ఓబులేసు మందతో ఉన్నాడట, ఫోన్ అందలేదు. ఒళ్లో నెల దాటిన చంటిపాప. "వేసింది అక్కా. నా కండ్ల ముందరే వేసింది. ప్రతిసారీ తొడ గడ్డ కట్టేది, జరం వచ్చేది. మా నర్సమ్మ మాపటికి మళ్లా వచ్చి చూసిపొయ్యేది."

వేశారు. కార్డు అబద్ధం కాదు. మరి ఈ జబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

మార్చి 14

నందిని రెండు చెంచాల నీళ్లు మింగింది.

మార్చి 15, శనివారం

ఇంకొకడు. హరి. మూడేళ్లు. పద్మక్క చూసే ఆరు ఊళ్లలో ఇంకో ఊరు. మూడు రోజులుగా గవదలని పసుపు పట్టు వేశారట. వచ్చేసరికే ఊపిరి ఈలలాగా.

నిన్న సాయంత్రం శాంపిల్ తీశాను, పొద్దున మెషిన్‌లో పెట్టాను. పది నిమిషాలే. కాగితం ప్రింటు తీసుకుని మెట్లెక్కి పైకి పోయాను. మంచం మీద దుప్పటి ముఖం మీదికి కప్పి ఉంది. నర్సు నా చేతిలోని కాగితం తీసుకుని కేసు షీటుకు పిన్ను కొట్టింది. ఆ పిన్ను శబ్దం ఇప్పటికీ...

వాళ్ల నాయన గోడకు ఆనుకుని ఉన్నాడు. ఏడవడం లేదు. కార్డు చేతిలో పట్టుకుని డాక్టరుకి చూపిస్తున్నాడు, ఇదిగో చూడండి, అన్నీ వేయించినాం, ఒక్కటీ తప్పలేదు అని. మళ్లీ మళ్లీ అదే మాట. నేను చూడకుండా ఉందామనుకున్నాను. చూశాను. అక్క రాతే.

మార్చి 16

అన్నం సయించలేదు. అక్క ఫోన్ ఎత్తలేదు.

మార్చి 17, సోమవారం

మేడమ్ గదిలో మీటింగ్. పై ఆఫీసు నుంచి ఇద్దరు. ఆ ఆరు ఊళ్ల కాగితాలు బల్ల మీద. ప్రతి ఏడూ నూటికి నూరు. "ఇంత బాగా ఎవరికీ ఉండదు, అందుకే అనుమానం" అన్నాడు ఒకాయన. బాగా పనిచేస్తే కూడా అనుమానమే ఈ దేశంలో.

ఇక దాచలేక చెప్పేశాను. ఆ ఏఎన్‌ఎం మా సొంత అక్క సార్, దొంగ రాతలు రాసే మనిషి కాదు. పై ఆఫీసు వాళ్లు కాగితాల్లోకి తలలు దించారు. మేడమ్ ఒక్కరే నా వంక చూసి, "అయితే మందులోనే ఏదో ఉండాలి. బుధవారం సూదుల రోజు కదా, నువ్వే పోయి చూడు. పెట్టె నుంచి తొడ దాకా ఏం జరుగుతుందో అంతా చూడు" అన్నారు.

బయటికి వచ్చాక నాకే నవ్వొచ్చింది. అక్కను కాపాడటానికి పోతున్నాను, చూడు నా గొప్ప.

మార్చి 19, బుధవారం

రాయగలిగినంత రాస్తాను.

నందిని వాళ్ల ఊరి అంగన్‌వాడీ వరండా. పది గంటలకే ఎండ కాల్చేస్తోంది. చాప మీద తల్లులు, ఒళ్లో పిల్లలు. అక్క నన్ను చూసి ముఖం తిప్పుకుంది. అక్క కోపం ఎప్పుడూ నాలుగు నిమిషాలే. తనే పిలిచింది.

"రా. కండ్లారా చూసి పొయ్యి మీ డాక్టర్లకు చెప్పు. ఎండకు ఒక్క బాటిలు చెడిపోయిండాదేమో చూడు. చెడిపోయింటే నా పేరు మార్చుకుంటా."

నీలం పెట్టె తెరిచింది. చల్లటి ఆవిరి ముఖానికి కొట్టింది. బాటిళ్ల మీద వేడి తగిలితే నల్లబడే చిన్న గుర్తు ఉంటుంది, ఒక్కొక్కటీ తిప్పి చూపించింది. అన్నీ తెల్లగా, నిన్న తయారైనట్టు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

తర్వాత అక్క ఒక బాటిల్ తీసి రెండు అరిచేతుల మధ్య పెట్టుకుని రుద్దసాగింది. చపాతీ ఉండ చేసినట్టు, అలవాటుగా, తల్లులతో మాట్లాడుతూనే.

"ఏం చేస్తున్నావక్కా?"

"గడ్డ కట్టింటాది గదా. రోంతసేపు రుద్దితే కరుగుతాది."

పెట్టెలోకి వంగి చూశాను. బాటిళ్ల కింద, చుట్టూ, పాలిథిన్ కవర్లలో చితక్కొట్టిన ఐసు. ఐసులో కల్లుప్పు. తెల్లగా మెరుస్తున్న ఉప్పు.

"ఇది ఎప్పటి నుంచి?"

అక్క నా వైపు వింతగా చూసింది. "ఎప్పటి నుంచి యేందిమే. నువ్వే గదా చెప్పింది."

నేనే. అవును. ఐదేళ్ల కింద, నేను ల్యాబ్‌లో చేరిన మొదటి వేసవి. అక్క దగ్గర ఒక పెట్టె మందంతా ఎండకు పాడైంది. అందరి ముందూ తిట్లు తిని మా ఇంటికొచ్చి ఏడ్చింది. నేను కొత్త ఉద్యోగం మదంలో పెద్ద తెలిసినదానిలా — మా శాంపిళ్లు రాయిలా గడ్డ కట్టించి పంపుతాం అక్కా, నీ ఐసు ప్యాకులు చెమట పట్టేదాకా బయట పెట్టమంటారా, అదేం పద్ధతి, ఈ ఎండలో? కుల్ఫీ బండివాడు ఏం చేస్తాడు, ఐసులో ఉప్పు వేస్తాడు. నువ్వూ వెయ్యి. మధ్యాహ్నం మూడైనా కరగదు. అక్క కళ్లు తుడుచుకుని నవ్వింది. నా తలమీద చెయ్యి పెట్టి, చదువుకున్నదానివి నువ్వు, అన్నది.

నేను చదువుకున్నది రోగం పురుగుల గురించి. టీకాల గురించి అప్పటికి ఒక్క పేజీ చదవలేదు.

అక్క చేతిలోని బాటిల్ తీసుకుని ఊపాను. వెలుతురుకు పెట్టి చూశాను. విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా కిందికి దిగిపోతోంది. ఇంకోటి ఊపాను. అదీ అంతే. ఇంకోటి... పోలియో చుక్కలకు చలి ఏమీ చేయదు. ఈ సూదిమందుకు మాత్రం గడ్డ కట్టడమే చావు. ఎండ తగిలిందని చూపించే బొట్టు ఉంది, గడ్డ కట్టిందని చూపించేది ఏదీ లేదు. సూపర్‌వైజరు వచ్చినా ఆ బొట్టు చూసి సంతకం పెట్టి పోయేవాడు. మేడమ్‌తో రెండు రోజులుగా కూర్చుని చదివినదంతా ఒక్కసారి తల మీద పడింది.

అక్క ఇంకో బాటిల్ కరిగించి సిరంజిలోకి ఎక్కించేసింది. ఒక పిల్ల తొడ తుడిచింది.

"అక్కా, వెయ్యొద్దు."

"ఏంటికి?"

"గడ్డ కడితే చచ్చిపోతుందక్కా ఆ మందు. పనిచేయదు. అందుకే..."

అక్క సిరంజి అలాగే పట్టుకుని ఉంది. తల్లులు మమ్మల్ని చూస్తున్నారు.

"ఇన్నేండ్లా?" అన్నది. అంతే. అరవలేదు.

సిరంజి కింద పెట్టింది. పెట్టె మూసి తల్లుల వైపు తిరిగి, "ఈ పొద్దు మందు బాగలేదు. శనివారం కొత్తది తెస్తా. పోండమ్మా" అన్నది. ఒకామె గొణిగింది, ఎండలో ఇంత దూరం నడిచి వచ్చినామే అని. అక్క ఆమెకు మజ్జిగ ఇప్పించింది.

అందరూ పోయాక రిజిస్టరు తీసింది. ఐదేళ్ల కిందటి మొదటి పేజీ. ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి కిందికి పోతోంది, లోపల చదువుకుంటోంది. హరి పేరు దగ్గర వేలు ఆగింది. నేను పక్కనే కూర్చున్నాను. నా వైపు చూడలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 20, గురువారం

మేడమ్‌కి చెప్పాను. ఐసు, ఉప్పు, అరిచేతులు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. "ఎండను చూసి భయపడి... అయ్యో. ఇంత జాగ్రత్తగా చంపుకున్నారా మందును."

తర్వాత అడిగారు. "ఉప్పు వేయమని ఆమెకి ఎవరు చెప్పారు?"

"తెలియదు మేడమ్."

అంత సులువుగా వచ్చింది నోట్లో నుంచి. నేనే విని అదిరిపోయాను.

మార్చి 22, శనివారం

ఆరు ఊళ్లలో ఐదేళ్ల లోపు పిల్లలందరికీ మళ్లీ సూదులు. అక్కను పక్కన పెట్టి వేరే నర్సులను పంపారు. సగం మంది తలుపులు తీయలేదట. "ఇన్నినాళ్లు వేసింది నీళ్లా?" అని ఒకాయన గేటు దగ్గరే నిలేశాడట. అక్క వెళ్లి ఇళ్ల ముందు నిలబడి బతిమాలిందని కబురు. ఆమెకి ఆ పని ఎవరూ చెప్పలేదు. ఒకరింట్లో చెంబుడు నీళ్లు ముఖాన కొట్టారట.

అక్క ముఖాన.

మార్చి 24, సోమవారం

నందిని గొంతులో పొర పోయింది. నిన్న ఇడ్లీ తిన్నది, నన్ను చూసి మాస్కు లాగబోయింది. వార్డంతా సంతోషం. నేనూ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఏదో వాగాను.

మధ్యాహ్నం మంచం దిగబోయి కూలబడింది. గుండె. ఆ పురుగు గొంతులో ఉంటుంది గానీ దాని విషం గుండెకు పోతుందట, రెండో వారంలో, అంతా నయమైందనుకునే సమయానికి. పిల్లల డాక్టరు ఈసీజీ కాగితం రెండుసార్లు చూసి, ఇంకోటి తీయమన్నారు.

పురుగు పేరు పది నిమిషాల్లో చెప్పాను. ఇప్పుడు ఏమవుతుందో చెప్పే మెషిన్ లేదు.

మార్చి 26, బుధవారం

విచారణ. అక్క వచ్చింది, ఇస్త్రీ చీర, జడ గట్టిగా వేసుకుని. నన్ను ల్యాబ్ తరఫున సాక్షిగా పక్క గదిలో కూర్చోబెట్టారు. తలుపు సరిగా మూయలేదు. అంతా వినబడింది.

"ఉప్పు సంగతి ఎవరైనా చెప్పారా?"

"లేదు సార్. నాకే తోచింది. నా సొంత తెలివి."

"ట్రైనింగ్‌లో చెప్పలేదా ప్యాకులు చెమట పట్టేదాకా బయట ఉంచమని?"

"చెప్పినారు సార్. వినలేదు. తప్పు నాదే."

సంతకం పెట్టిన శబ్దం కూడా వినబడినట్టే ఉంది. ఆ తర్వాత నన్ను పిలిచారు. మెషిన్ రిపోర్టులు చూపించాను. తేదీలు చదివాను. ఇంకేమైనా చెప్పాలా అని అడిగారు. లేదన్నాను.

గేటు దగ్గర అక్కను పట్టుకున్నాను. "ఎందుకలా చెప్పావు?"

"ఏమి చెప్పల్ల మరి? నా చెల్లెలు చెప్పిందనా? నువ్వు చెప్పినావు సరే, వేసింది ఎవురు? ఐదేండ్లు వేసింది ఈ చెయ్యే గదా." చెయ్యి చూపించింది, ఎవరిదో చెయ్యి అన్నట్టు. "నువ్వు నోరు మూసుకోని ఉండు. ఇద్దరం పోయి యేం జేస్తాం. ఆడ మెషిన్ దగ్గర ఒకరన్నా ఉండల్ల."

ఆటో ఎక్కి పోయింది. నేను వద్దనలేదు. లోపల ఎక్కడో హమ్మయ్య అనిపించింది — రాయకపోతే ఈ పుస్తకం కూడా అబద్ధమే అవుతుంది. హమ్మయ్య అనిపించింది.

మార్చి 27

మేడమ్ గదికి రెండుసార్లు పోయాను. మొదటిసారి ఆమె ఫోన్‌లో ఉన్నారు. రెండోసారి ఖాళీగానే ఉన్నారు. టెస్టులకు వాడే రీఏజెంట్లు అయిపోయాయని చెప్పి వచ్చేశాను. రీఏజెంట్లు అయిపోలేదు.

మార్చి 30, ఆదివారం

ఉగాది. ఓళిగలు చేయలేదు. ఏటా అక్క పంపేది, ఈ ఏడు ఎవరూ ఎవరికీ పంపలేదు. నందిని గుండె అలాగే. ఒక గంట బాగుంటుంది, ఒక గంట ఉండదు.

ఏప్రిల్ 2, బుధవారం

రామాంజినమ్మ ల్యాబ్ గుమ్మం దగ్గరికి వచ్చింది, చంటిదాన్ని ఎత్తుకుని. నెలన్నర నిండింది, మొదటి సూది వేయాలి. మధ్యలో ఒకరోజు ఊరికి పోయినప్పుడు కొత్త నర్సు వస్తే పంపించేసిందట. ఇక్కడ మా ఆసుపత్రిలో అయినా వద్దంటోంది. పిల్లల డాక్టరు గారు చెప్పి చూశారు, స్టాఫ్ నర్సు చెప్పి చూసింది. ఆఖరికి ఒక్క మాట మీద ఒప్పుకుందట.

"సుజాతక్క పట్టుకుంటే వేయిస్తా. ఆయమ్మే గదా మా ఊరికొచ్చి ఆపింది. ఆమెను నమ్ముతా, ఇంకెవురినీ నమ్మను."

పోయాను. పెట్టెలో నుంచి బాటిల్ నేనే తీశాను. ఊపాను, వెలుతురుకు పెట్టి చూశాను. పాలలా ఉంది, ముక్కలు లేవు. మళ్లీ ఊపాను. స్టాఫ్ నర్సు విసుక్కుంది.

చంటిదాన్ని నా ఒళ్లో పెట్టింది. వేడిగా, తేలిగ్గా. తొడ ఇంత లేదు. సూది దిగగానే ముఖమంతా ఎర్రగా చేసుకుని ఏడ్చింది. నాకూ ఆగలేదు. చెప్పేద్దాం అనుకున్నాను, ఇప్పుడే, ఇక్కడే. రామాంజినమ్మా, ఆ ఉప్పు... అని నోరు తెరిచాను కూడా.

ఆమె కొంగుతో నా కళ్లు తుడిచింది. పై వార్డులో ఒక కూతురు అలా ఉండగా, నా కళ్లు తుడిచింది.

"ఊరుకో అక్కా. మీ యక్క చేసిందానికి నువ్వేం జేస్తావు పాపం."

నేను తల ఊపాను.

చంటిదాన్ని తీసుకుంది. నాలుగు వారాలకు రెండో సూది అని నర్సు కార్డు మీద రాసి ఇచ్చింది. అప్పుడు కూడా నన్నే పట్టుకోమని చెప్పి పైకి పోయింది.